తొమ్మిదో స్తంభం పక్కన బడి

పోయిన వారం మైకమ్మను మనం ఫ్లైఓవర్ కింద వదిలిపెట్టి వచ్చాం. రిపోర్టు పంపేసి, మీటరు పెట్టెలో సర్దుకుని, హమ్మయ్య అనుకుంటోంది అప్పుడు. పని అయిపోయిందనుకుంది పాపం.

కథ మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మూడేళ్ళ కిందట, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆ ఫ్లైఓవర్ అంచు విరిగి కింద రోడ్డు మీద పడింది. నలుగురు పోయారు. వాళ్ళలో ఒకడు మైకమ్మ అక్క కొడుకు. ఇల్లిల్లూ తిరిగి పార్సిళ్ళు అందించే కుర్రాడు, ఒక్కచోట కాలు నిలవదని ఇంట్లో వాణ్ణి బొంగరం అనేవాళ్ళు. ఫ్లైఓవర్ ఆ రోజే మూతపడింది. దాన్ని నేలమట్టం చేసేదాకా ఊరుకోనని అక్క ఎక్కని ఆఫీసు మెట్టు లేదు, పెట్టని అర్జీ లేదు. ఆఖరికి కూల్చమని ఉత్తర్వు వచ్చింది. కూల్చేటప్పుడు వచ్చే చప్పుడు చుట్టుపక్కల వాళ్ళను ఎంత బాధిస్తుందో ముందే కొలిచి చెప్పాలి కదా, ఆ పని మైకమ్మ కంపెనీకి పడింది. మైకులూ మీటర్లూ భుజాన వేసుకు తిరుగుతుందని ఆఫీసులో పెట్టిన పేరు అది. జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

అన్ని స్తంభాల దగ్గరా కొలత సజావుగానే సాగింది. తొమ్మిదో స్తంభం దగ్గర ఆగిపోయింది. ఆ స్తంభాన్ని ఆనుకున్నట్టే వినికిడి లేని పిల్లల బడి ఉంది. పరీక్ష కోసం బ్రేకర్ మిషన్ తెచ్చి కాసేపు కాంక్రీటు పొడిపించిన రోజున, లోపల పిల్లలు చెవి మిషన్లు పీకి పారేశారు. ఒక చిన్నపిల్ల తనది పెన్సిళ్ళ డబ్బాలో పెట్టి, మూత వేసి, ఆ డబ్బా మీద ఎక్కి కూర్చుంది. అక్కడ పాఠం చెప్పే ఆవిడకూ వినపడదు. ఎదుటివాళ్ళ పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తుంది గనుక వీధి వీధంతా ఆవిణ్ణి పెదవుల టీచరు అంటారు. ఆవిడే మైకమ్మకు ఆ డబ్బా చూపించి, "మాటలు పట్టుబడే వయసు ఇదే మేడమ్. ఇది దాటిపోతే ఇక రావు" అంది. మైకమ్మ అదే రిపోర్టులో రాసింది. బడి పక్కన బ్రేకర్ వాడొద్దు, వజ్రపు రవ్వలు పొదిగిన తీగలతో రంపంలా కోసి, ముక్కలు క్రేనుతో దించండి అని.

ఇక ఈ వారం.

చీఫ్ ఇంజనీరు పిలిచాడంటే మెచ్చుకోవడానికేనని మైకమ్మ వెళ్ళింది. ఆయన గదిలో ఏసీ పాడైంది. కిటికీలు బార్లా తెరిచి, కాగితాలు ఎగిరిపోకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో కాంక్రీటు ముక్క పెట్టుకున్నాడు. పరీక్షలకని ఫ్లైఓవర్‌లోంచి తొలిచి తీసిన ముక్కలు అవి, గుండ్రంగా, నున్నగా ఉన్నాయి.

"కూర్చోండమ్మా. టీ తెప్పించనా?"

"వద్దు సార్."

"మీ రిపోర్టు రెండుసార్లు చదివాను. ఇంత శ్రద్ధగా రాసింది ఈ మధ్యకాలంలో చూళ్ళేదు." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "అదే మన కొంప ముంచింది."

మైకమ్మకు అర్థం కాలేదు.

"కోసి దించమన్నారు. నిజమే, అలాగే చెయ్యాలి. కానీ కాంట్రాక్టరు అది తన వల్ల కాదన్నాడు. బ్రేకర్లతో అయితే నాలుగు నెలల్లో ఊడ్చేస్తానన్న మనిషి, కొయ్యాలంటే ఏడాది దాటుతుందని చేతులెత్తేశాడు. మళ్ళీ టెండరు పిలవాలి. ఆ మాట వినగానే పైవాళ్ళకి కొత్త ఆలోచన పుట్టింది. ఇంత తలనొప్పి దేనికి, స్తంభాలకి తొడుగులు వేసి, దూలాలు గట్టి చేసి, మళ్ళీ తెరిచేస్తే పోతుంది కదా అని."

"తెరవడమా?" మైకమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "నలుగురు పోయిన దాన్నా?"

"నాకు చెప్పకండమ్మా. కూల్చాలని మొట్టమొదట రాసినవాణ్ణి నేను. రేపు పొద్దున మీటింగు. వాళ్ళు మీ రిపోర్టే చేత్తో పట్టుకొస్తారు. అయ్యో, కూలిస్తే ఆ పసిపిల్లలేమైపోవాలి అంటారు. ఇన్నేళ్ళుగా ఆ బడికి ఒక చాక్‌పీసు ముక్క ఇవ్వనివాళ్ళు రేపు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, చూడండి."

కిందనుంచి బండ్ల హారన్లు లోపలికి వస్తున్నాయి. ఎప్పుడూ ఏ చప్పుడు విన్నా ఎంత ఉంటుందో మనసులో అంచనా వేసుకోవడం మైకమ్మకు అలవాటు. ఇప్పుడు ఆ అలవాటు పనిచెయ్యలేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు సార్?"

"నేనేమీ చెయ్యమనను. అన్నానని మీరు రేపు చెప్పినా ఒప్పుకోను." ఆయన గొంతు తగ్గించాడు. "ఊరికే అంటున్నా. సున్నితమైన చోట్ల జాబితాలో ఆ బడి ఉన్నంతకాలం మీ షరతు ఉంటుంది. మామూలు కట్టడాల్లో పడితే షరతు ఉండదు. బ్రేకర్లు దిగుతాయి, పైవాళ్ళ నోరు మూతపడుతుంది. వినపడని పిల్లలకి చప్పుడుతో పనేమిటని ఎవరైనా అడిగితే, పైకి సబబుగానే ఉంటుంది."

"వినపడదని ఎవరు చెప్పారు సార్? చెవి మిషను మాటనొక్కదాన్నే పెంచదు. మోతనీ పెంచుతుంది. ఆ మోతలో మాట ఏదో వాళ్ళకి తెలియదు."

"నాకు తెలుసమ్మా. తెలుసు గనకే మీ మొహంలోకి చూడలేకపోతున్నా." నిజంగానే ఆయన చూపు కాంక్రీటు ముక్కల మీదే ఉంది. "సాయంత్రందాకా టైముంది. మారిస్తే పంపండి, లేకపోతే ఉన్నదే పెడతాను. మీ అక్కగారికి మాత్రం మీరే చెప్పాలి. మూడేళ్ళుగా ఆవిడ మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని వెళ్ళారు. ఆవిడతో చెప్పడం నా వల్ల కాదు."

మైకమ్మ ఆ కుర్చీలోంచి లేచింది.

*

అక్క ఇల్లు రెండో అంతస్తులో. ముందు గదే ఆమె కుట్టు గది. అక్క కుట్టేవి కర్టెన్లు. నేల మీద చాప పరిచి, చాప మీద బారెడు బారెడు గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ సుద్దతో గీతలు గీస్తుంది. గది మూలన గోడకు ఆనించి ఇనప కడ్డీలు, డబ్బాల్లో రింగులు. కిటికీలోంచి చూస్తే ఇళ్ళ మధ్య సందులో ఫ్లైఓవర్ ముక్క ఒకటి కనిపిస్తుంది. ఊరందరికీ కర్టెన్లు కుట్టే అక్క ఆ ఒక్క కిటికీకీ కర్టెన్ కట్టలేదు.

చెల్లెల్ని చూడగానే అక్క నోట్లో పట్టుకున్న గుండుసూదులు తీసి నవ్వింది. "రావే మైకమ్మా. ఏం కొలవడానికొచ్చావ్, నా కుట్టు మిషన్ చప్పుడా?"

ఈ మధ్య అక్క నవ్వుతోంది. ఉత్తర్వు వచ్చినప్పటినుంచీ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి మైకమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"లోపలికి రా. సరిగ్గా వచ్చావు, నిన్నొకటి అడగాలి. మొదటి దెబ్బ పడేటప్పుడు నేను ఎదురుగా నిలబడాలి. ఎక్కణ్ణించైతే బాగా కనిపిస్తుందో చెప్పు. నువ్వు మూలమూలా కొలిచావుగా. ఎంత దూరం పొమ్మంటారో ఏమో, నేను మాత్రం తాడు దాటైనా వెళ్తా."

"అక్కా..."

"మీ బావ రానంటున్నారు. ఆయన చూడలేరట. నేను చూస్తా. వాడి మీద పడింది నా కళ్ళముందు పొడి కావాలి." అక్క మిషన్ ముందు కూర్చుని, దాని మీదున్న గుడ్డ సర్దింది. మందపాటి నీలం గుడ్డ, రెండు పొరలుగా మడిచి కుట్టిన కర్టెన్. "ఇది ఆ చెవిటి బడి వాళ్ళదే. చప్పుడు లోపలికి రాకుండా మందంగా కావాలంది ఆ టీచరు. ఇంత మందం గుడ్డకి సూదులు విరుగుతున్నాయనుకో."

మైకమ్మ చాప మీద, గీతలు గీసిన గుడ్డ పక్కన కూలబడింది. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తు లేదు.

"అక్కా, కూల్చరేమో."

అక్క కాలు తొక్కుడు పలక మీదే ఆగింది. "ఏమన్నావ్?"

మైకమ్మ చెప్పింది. కాంట్రాక్టరు సంగతి, టెండరు సంగతి, తొడుగులు వేసి తెరుస్తారన్న సంగతి. తను రాసింది అడ్డం పెట్టుకునే ఇదంతా చేస్తున్నారని కూడా దాచకుండా చెప్పింది. అక్క మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక మొహం మీద నవ్వు ఎక్కడికి పోయిందో, ఉన్నట్టుండి పదేళ్ళు మీద పడ్డట్టు కనిపించింది.

"మళ్ళీ బండ్లు తిరుగుతాయా దానిమీద?"

"తిరుగుతాయట."

"వాడు పడ్డ చోటు మీదనుంచే?"

మైకమ్మ తల ఊపింది.

"నువ్వు రాసినందుకు."

"అక్కా, నేను రాసింది..."

"తీసెయ్." అక్క గొంతు పెరగలేదు. అదే మైకమ్మను ఎక్కువ భయపెట్టింది. "నీ చేత్తో రాసిందేగా. నీ చేత్తోనే తీసెయ్."

"అందులో తప్పేమీ రాయలేదక్కా. పిల్లలక్కడ..."

"ఏ పిల్లలు?" అక్క లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న కర్టెన్ జారి నేలమీద పడింది. "ఎవరి పిల్లలే? నాలుగు నెలలు. చప్పుడైతే చెవుల్లోవి తీసి పక్కన పెట్టుకుంటారు. నేనేం తీసి పక్కన పెట్టుకోను? చెప్పు. మూడేళ్ళయింది. ఎక్కణ్ణించి ఏం తీస్తే నాకు ఆగుతుందో చెప్పు, ఇప్పుడే తీసి నీ చేతిలో పెడతా!"

మైకమ్మ దగ్గర ఉన్న ఒక్క జవాబు బయటికి వచ్చాక గానీ అది ఎంత చేటో ఆమెకు తెలియలేదు.

"వాళ్ళు నాలుగైదేళ్ళ పిల్లలక్కా. మిషన్లు తీసి కూర్చుంటే మాటలు నేర్చుకునే వయసు పోతుంది. ఆ వయసు మళ్ళీ రాదు."

"నా కొడుకు వస్తాడా?"

కింద వీధిలో ఎవరో షట్టరు పైకి లాగారు. అక్క ఆ చప్పుడుకి ఉలిక్కిపడి, కిటికీ చువ్వలు పట్టుకుంది. అటు తిరిగే మాట్లాడింది.

"నీకు తెలీదే. నువ్వు మీటరు పెట్టి కొలుస్తావు, ఇంటికి పోతావు. నేను రోజూ పొద్దున లేచి దాన్ని చూస్తాను. అది అలా నిలబడి ఉంటుంది. వాణ్ణి మింగి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. దాన్ని కూలుస్తారన్న ఒక్కమాట పట్టుకుని ఇన్నాళ్ళు లేచాను, ఇంత తిన్నాను, ఈ గుడ్డలు కుట్టాను. అదీ లేదంటే రేపణ్ణించి నేను దేనికోసం లేవాలే? నా తోడబుట్టినదానివి. నువ్వే ఇలా చేస్తే ఇంకెవరికి చెప్పుకోను?"

మైకమ్మ సంచిలో లాప్‌టాప్ ఉంది. తెరిచి, ఒక వాక్యం చెరిపి, బడిని ఒక జాబితాలోంచి తీసి ఇంకో జాబితాలో వెయ్యాలి. టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. ఆమె చెయ్యి సంచి జిప్పు మీదికి వెళ్ళింది. వెళ్ళిందని ఆమెకే కాస్త ఆలస్యంగా తెలిసింది. ఏమవుతుంది? చప్పుడేగా. పోయేది ప్రాణం కాదుగా. ఇలాంటి మాటలు అవతలివాళ్ళ నోట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది ఆమెకు. ఇప్పుడు అవే మాటలు తనలోంచి, తన గొంతుతో వస్తున్నాయి. జిప్పు సగం తెరిచింది.

"తియ్యకమ్మాయ్."

గుమ్మంలో బావ. బస్సు డిపోలో మెకానిక్కు ఆయన. మధ్యాహ్నం అన్నానికి వస్తాడు. చేతులకు గ్రీజు, భుజం మీద మురికి గుడ్డ, చెప్పులు విప్పకుండానే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి వింటున్నాడో. కొడుకు పోయాక ఆయన ఇంట్లో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడిగినదానికి ఊఁ అంటాడు, ఊహూఁ అంటాడు, పళ్ళెం కడుక్కుని పోతాడు.

అక్క గిరుక్కున తిరిగింది. "ఏమన్నారు?"

"ఆ బడి పేరు తియ్యొద్దంటున్నా."

"మీరా? మీరా అంటున్నారు ఈ మాట? వాడు మీ కొడుకు కాదా?"

బావ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కుట్టు మిషన్ స్టూలు మీద కూర్చోబోయి, చేతుల గ్రీజు గుడ్డలకంటుతుందని ఆగి, గోడ దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"నీకా బ్రేకర్ చప్పుడు కావాలా? ఎదురుగా నిలబడి వింటావా?"

"వింటా. చూస్తా."

"వాడూ విన్నాడు."

బావ భుజం మీది గుడ్డ తీసి ఒక్కో వేలూ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"అక్కడికక్కడే పోయాడని చెప్పాను నీకు. నొప్పి కూడా తెలిసుండదని చెప్పాను. అది అబద్ధం. కాసేపు ఉన్నాడు. నడుం దాకా దిమ్మ కింద ఉండిపోయాడు. తల, చేతులు బయటే ఉన్నాయి. తియ్యడానికి బ్రేకర్లు తెచ్చారు. రెండు మిషన్లు, ఇటొకటి అటొకటి, పక్కనే పెట్టి పొడిచారు. ఎవరి తప్పూ లేదు, అలాగే తియ్యాలి. కానీ వాడు ఆ మోతలోనే ఉన్నాడు. వాడు..." బావ గుడ్డను మళ్ళీ మొదటి వేలికి చుట్టాడు. "వాడేదో చెప్తూనే ఉన్నాడట. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు."

మైకమ్మే అడిగింది. "మీకెవరు చెప్పారు బావా?"

"ఆ టీచరు. పెదవులు చూసే ఆవిడ. బడి గేటులోంచి పరిగెత్తుకొచ్చి మొదట వాడి దగ్గర కూర్చుంది ఆవిడే. తల కింద తన చెయ్యి పెట్టి కూర్చుందట. చుట్టూ ఉన్నవాళ్ళు వాడు నొప్పికి నోరు ఆడిస్తున్నాడనుకున్నారు. ఆవిడకి మాత్రం మాట అందింది." బావ గుడ్డను రెండో వేలికి మార్చాడు. "వారం తర్వాత నేనక్కడికెళ్ళి నిలబడితే ఆవిడే వచ్చి చెప్పింది. మీ అబ్బాయి నాతో మాట్లాడాడండీ అని. ఏం మాట్లాడాడో చెప్పబోయింది. నేను వద్దన్నా. దండం పెట్టి వచ్చేశా. అప్పట్నించీ ఆ బడి వ్యాను చెడిపోతే వెళ్ళి బాగుచేస్తున్నా. ఒక్క రోజూ అడగలేదు. ధైర్యం చాల్లేదు."

"మూడేళ్ళు." అక్క గొంతు కీచుమంది. "మూడేళ్ళు నా పక్కన పడుకుని..."

"నువ్వు రాత్రి లేచి ఏడ్చినప్పుడల్లా, నొప్పి తెలీకుండా పోయాడులే, అదొక్కటే నయం అని నీకు నువ్వే చెప్పుకునేదానివి. ఆ ఒక్కటీ నీ దగ్గర్నించి ఎలా లాక్కోను?"

అక్క నేలమీద పడ్డ నీలం కర్టెన్ వైపు చూసింది. బావ కూడా అటే చూశాడు.

"ఆవిడ నీ దగ్గరికీ వచ్చింది. చెప్పాలనే వచ్చింది. గుమ్మంలో నిన్ను చూసి నోరు రాక, కర్టెన్లు కుడతారా అని అడిగిందట. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వచ్చింది? అన్ని కర్టెన్లు దేనికి ఆ బడికి? ఉన్నవి రెండు గదులు."

అక్క మిషన్ బల్ల పట్టుకుని నిలబడింది. ఆమె మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. మైకమ్మ ఆ మొహం ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అక్క వంగి, గుడ్డ తీసి, బల్లమీద పెట్టి, సూదులపెట్టె మూత వేసింది. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. కుడిది ఎడమకీ ఎడమది కుడికీ తొడుక్కుంది. అది ఆమెకు తెలియలేదు.

"ఎక్కడికే?" బావ లేవబోయాడు.

"మీరడగలేదుగా," అంది అక్క. "నేనడుగుతా."

*

మైకమ్మ వెనకాలే పరిగెత్తింది. బావ రాలేదు. మెట్ల మలుపులోంచి వెనక్కి చూస్తే, ఆయన గోడకు ఆనుకుని అలాగే కూర్చుని, శుభ్రంగా తుడిచిన చేతుల్ని మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

బడి దగ్గరే. సందు దాటి, పండ్ల బండి దాటి, ఫ్లైఓవర్ నీడలోకి దిగితే గేటు. అక్క మూడేళ్ళుగా ఆ నీడలోకి అడుగుపెట్టలేదు. చుట్టూ తిరిగి పెద్ద రోడ్డు మీదనుంచే వెళ్ళేది. ఇవాళ తలెత్తకుండా దాని కిందనుంచే నడిచింది. తొమ్మిదో స్తంభం పక్కనుంచి వెళ్తున్నప్పుడు, వద్దన్నా ఒక లెక్క మైకమ్మ బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. బ్రేకర్లు రెండు. పక్కనే. మధ్యలో గోడ లేదు, తెర లేదు. బడి గోడ దగ్గర ఎంత చప్పుడుంటుందో రిపోర్టు కోసం ముందే లెక్కవేసింది. అదే లెక్కలో దూరం ఒక్కటీ మారిస్తే చాలు, ఆ రోజు వాడి తల దగ్గర ఎంతుందో వచ్చేస్తుంది. వచ్చేసింది. నడుస్తూ నడుస్తూనే అంకె వచ్చేసింది. ఆమె పళ్ళు బిగించి గేటు తోసింది.

పెదవుల టీచరు లోపలి గదిలో గోడ అద్దం ముందు కూర్చుని ఉంది. పక్కన ఒక చిన్నపిల్ల. ఇద్దరూ అద్దంలోకి చూస్తూ పెదవులు కలిపి విడదీస్తున్నారు. పిల్ల చెంప మీద టీచరు చెయ్యి, టీచరు గొంతు మీద పిల్ల చెయ్యి. "మ... మ..." అంటోంది పిల్ల. మాట సగం ముక్కులోనే ఆగిపోతోంది.

అద్దంలో అక్కను చూసింది టీచరు. పిల్ల చెంప మీది చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లిగా లేచి, పిల్లకు ఏదో సైగ చేసి అవతలి గదికి పంపి, తలుపు దగ్గరికి వేసింది.

"కర్టెన్లు..." అని మొదలుపెట్టింది. ఆవిడ మాట నిదానంగా, ఒక్కో అక్షరం ఏరుకుని పెడుతున్నట్టుంటుంది. కొన్ని అక్షరాలు అరిగిపోయి వస్తాయి.

అక్క అడ్డంగా తల ఊపింది. ఏదో అడిగింది. పక్కనే నిలబడ్డ మైకమ్మకు కూడా వినపడలేదు. గొంతు అస్సలు పెగల్లేదు, పెదవులు మాత్రం కదిలాయి. టీచరుకు అంతే చాలు.

"అవునండీ," అంది టీచరు. "మాట్లాడాడు."

ఒక కుర్చీ జరిపింది. అక్క కూర్చోలేదు. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"చెప్పాలని ఎన్నోసార్లు వచ్చాను. మిమ్మల్ని చూస్తే నా నోరు పడిపోయేది."

"ఏమన్నాడు?" ఈసారి అక్క గొంతు బయటికి వచ్చింది.

టీచరు రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుంది. మాట రాకపోతే చేతులు వాటంతటవే సైగలు చేస్తాయని కాబోలు, గట్టిగా పట్టుకుంది.

"చప్పుడు ఆపమనండి అన్నాడు. చాలాసార్లు అన్నాడు. ఆంటీ, ఆ చప్పుడు ఆపమనండి, తల పగిలిపోతోంది అని."

అక్క కళ్ళు మూసుకుంది.

"నేను పరిగెత్తానండీ. మిషన్ మీద కూర్చున్నతని దగ్గరికి వెళ్ళి అరిచాను. భయపడితే నా మాట ముద్దయిపోతుంది. అతనికి అర్థం కాలేదు. ఇంకొకతని చెయ్యి పట్టుకున్నాను. పిచ్చిదాన్ననుకున్నారో ఏమో, భుజాలు పట్టి పక్కకి లాగేశారు. మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళి కూర్చున్నాను. నాకు వినపడదు కదా, ఆ మోత ఎంతుందో నాకు తెలియదు. నేల అదురుతుంటే మోకాళ్ళకి తెలిసింది. అరచేతులతో వాడి చెవులు మూశాను." టీచరు చేతులు విడిపోయాయి. గాల్లో ఒక తల ఎంతుంటుందో అంత ఎడంగా, కాస్త వంగి నిలిచాయి. "ఇలా. అలాగే ఉన్నాను. అయ్యేదాకా."

అక్క ముందుకు ఒక్క అడుగు వేసింది. ఆ రెండు అరచేతుల మధ్యా తన మొహం పెట్టి, టీచరు మీదికి వాలిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. మూడేళ్ళలో మైకమ్మ విన్న ఏడుపులు వేరు, ఇది వేరు. పక్క గది పిల్లలు తలుపు సందులోంచి తొంగి చూశారు. వాళ్ళకు ఎంత వినపడిందో గానీ, ఏం జరుగుతోందో తెలిసినట్టే ఉంది. ఒకరూ నవ్వలేదు, ఒకరూ అల్లరి చెయ్యలేదు.

మైకమ్మ గోడకు చేరగిలబడింది. రిపోర్టు మార్చడం ఇక తన వల్ల కాదు. మార్చకపోతే రేపు ఆ ఫ్లైఓవర్ నిలబడిపోతుంది, ఈ పిల్లల నెత్తిమీద మళ్ళీ లారీలు తిరుగుతాయి. మార్చినా మార్చకపోయినా ఓడిపోయేది ఈ గదిలో ఉన్నవాళ్ళే. బయటికి వెళ్ళే తలుపు ఏదీ ఆమెకు కనిపించలేదు. సంచిలో ఫోను మోగుతోంది. చీఫ్ ఇంజనీరు అయ్యుంటాడు. ఆమె తియ్యలేదు.

చాలాసేపటికి అక్క తలెత్తింది. "ఇంకేమైనా అన్నాడా?"

టీచరు అక్క చెదిరిన జుట్టు చెవుల వెనక్కి సర్దింది.

"అన్నాడు కదూ? చెప్పండి. ఇంతా విన్నాను. ఇంకేముంది నాకు పోవడానికి?"

"అన్నాడు. ఆఖరున. మిషన్లు ఒక్క క్షణం ఆగినప్పుడు. అప్పుడు కూడా నాకు తప్ప ఎవరికీ అందలేదు, గొంతు లేదు వాడికి." టీచరు చూపు అక్క మీదనుంచి లేచి, నెమ్మదిగా గోడ దగ్గరికి వచ్చి, మైకమ్మ మొహం మీద ఆగింది. ఆ పరీక్ష రోజున పెన్సిళ్ళ డబ్బా చూపించి, సాయం చెయ్యమని బతిమాలిన కళ్ళు కావు అవి.

"వాడు చెప్పిన పిన్ని ఈవిడేనా?" అని అడిగింది అక్కను.

"అవును. నా చెల్లెలు. ఏం?"

టీచరు అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"అయితే ముందు ఈవిణ్ణి బయటికి వెళ్ళమనండి."

(మిగతాది వచ్చే వారం)